కార్బురేటరున బిగిసిన మరచీలలు

2020 ఏప్రిల్ 1వ తేదీన బి.ఎస్.6 ప్రమాణములు అమలునకు వచ్చిన పిదప మన దేశమున క్రొత్తగా వెలువడు మోటారు సైకిళ్ల నుండి కార్బురేటరు దాదాపు పూర్తిగా నిష్క్రమించి, దాని స్థానమును ఇంజెక్టరు ఆక్రమించినను, అంతకు పూర్వము దశాబ్దముల తరబడి అమ్ముడుపోయిన బండ్లు ఇంకను వీథులలో తిరుగుచునే యున్నవి; 1985 మొదలుకొని 1996 వఱకు తయారైన యమహా ఆర్.ఎక్స్.100 వంటి వానిని, అది విపణి నుండి తొలగిన నాటికి పుట్టియైన నుండని యువకులు వెదకి వెదకి కొని, పూర్వస్థితికి తెచ్చుటకై తహతహలాడుచున్నారు. ఇట్టి బండి చాలకాలము మూలబడి యుండి మరల కదలవలసి వచ్చినపుడు కార్బురేటరును విప్పి శుభ్రపఱచుటయే ప్రథమ సంస్కారము కావున, ఆ పనికి పూనుకొన్నవాడు ఇంధనమును కొలిచి విడుచు జెట్టు వఱకు పోవుటకు ముందే, పెట్రోలు నిలుచు అడుగు గిన్నెను పై దేహమునకు బిగించి యుంచు మూడో నాలుగో చిన్న మరచీలలతో తలపడవలసి యుండును. వీనిలో ఒకటి రెండు మారుమాటాడక వచ్చును. మిగిలినది కదలదు సరికదా, బలము పెట్టిన కొలదిని దాని తలలోని గాడి అరిగి గుండ్రమైపోవును.

ఈ కదలని దానిని కదల్చు ఉపాయములకు లోటు లేదు. నూనె పోయుమని కొందఱు, వేడిచేయుమని కొందఱు, సుత్తితో కొట్టుమని కొందఱు, తొలిచివేయుమని కొందఱు చెప్పుదురు. ఎవరి ఉపాయము వారికి ఎప్పుడో ఒకప్పుడు ఫలించియే యుండుటచేత, ఎవరి మాటయు పూర్తిగా అసత్యము కాదు. చిక్కెక్కడ ననగా, ఈ ఉపాయములలో కొన్ని విఫలమైనను తరువాతిదానికి త్రోవ విడుచును. కొన్ని విఫలమైనచో తక్కిన త్రోవలన్నిటిని మూసివేయును. అందుచేత ఏది గొప్పదను తర్కము కంటె ఏది ముందు, ఏది తరువాత అను విచారణయే ఇచట ప్రయోజనకరమని నా తలంపు. వాడుకలోనున్న పద్ధతులను ఈ వ్యాసమున ఆ దృష్టితోనే పరిశీలింపనెంచితిని.

మొదట మరచీల ఏల పట్టుకొనునో చూడవలెను. కార్బురేటరు దేహము జింకు మిశ్రలోహముతోనో అల్యూమినియము మిశ్రలోహముతోనో అచ్చుపోసినది, మరచీల పలుచని జింకు పూత గల ఉక్కు, జెట్టులు ఇత్తడి. భిన్నలోహములు తడిలో ఒకదాని నొకటి తాకియుండిన చోట విద్యుద్రసాయనిక చర్య నడచి, వానిలో త్వరగా లొంగునది, అనగా ఇచట దేహలోహము, క్రమముగా క్షయించుచు తెల్లని పొడి రూపమున మరల సందులలో పేరుకొనును. ఆ పొడి తాను పుట్టిన లోహము కంటె అధికమైన చోటు నాక్రమించును గావున, మరచీల నలువైపుల నుండి నొక్కబడి నిలిచిపోవును. ఉప్పుగాలి తగులు విశాఖపట్టణము, కాకినాడ వంటి తీరపు టూళ్లలో ఈ రోగము త్వరగా ముదురును. పెట్రోలులో నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలియుచున్న ఈ కాలమున మఱియొక కారణము వచ్చి చేరినది: ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును, ఆ నీరు హద్దు మీఱినప్పుడు ఇథనాలుతో కూడ పెట్రోలు నుండి విడిపడి అడుగునకు దిగును, గిన్నెకు అట్టడుగున నున్నది డ్రెయిన్ స్క్రూ. నెలల తరబడి నిలిచిన బండిలో తఱచుగా మొదట పట్టుకొనునది అదియే యగుటకు ఇది హేతువు.

రెండవ కారణము ఎండిన పెట్రోలు. ఆవిరి కాగలిగిన భాగము పోగా మిగిలిన పసుపువన్నె జిగురు గట్టిపడి, ముఖ్యముగా జెట్టుల మరలను అంటిపెట్టుకొనును. మూడవది కేవలము మానవకృతము. గిన్నె అంచున పెట్రోలు కారుచున్నచో రబ్బరు వలయమును మార్చుటకు బదులు మరచీలనే మఱికొంత బిగించు అలవాటు మన షెడ్లలో కద్దు. అట్లు నాలుగైదు చేతులు మారిన బండిలో తుప్పు లేకున్నను మరచీల రాదు. తెల్లని పొడియా, పచ్చని జిగురా, అతిగా బిగించుటయా అను వివేచన చేయకయే సీసా అందుకొనువాడు రోగ మెఱుగకయే మందు పోయువాడు.

తల చెడిన మరచీలలను ప్రోగుచేసి పరీక్షించి చూచినచో, వానిలో పెక్కింటిని చెఱచినది తుప్పు కాదనియు, మొట్టమొదటి అర చుట్టులో వాడిన తగని స్క్రూడ్రైవరే యనియు తేటపడును. ఈ విషయమున కొంత చరిత్ర తెలిసికొనుట మంచిది. జాన్ థాంప్సన్ అనునతడు కల్పించిన నాలుగు ఱెక్కల గాడిని అమెరికాలోని పోర్ట్‌లాండు నగరమునకు చెందిన హెన్రీ ఫిలిప్స్ స్వీకరించి, మెఱుగుపెట్టి, 1936లో పేటెంటులు పొంది లోకమున వ్యాపింపజేసెను. మొన తనంత తాను గాడి నడిమికి సర్దుకొనుట దానియందలి గుణము. కారు కర్మాగారములలో యంత్రములచే వేగముగా బిగించువారికి ఇంతకంటె కావలసిన దేమున్నది? కాని గాడి గోడలు ఏటవాలుగా నుండుటచేత, త్రిప్పు బలము పెరిగిన కొలదిని ఆ గోడలే మొనను పైకి నెట్టివేయును. బిగించువానికి అనుకూలమైన ఆ గుణము, ముప్పదేండ్ల తరువాత విప్పువాని పాలిట దోషమైనది.

జపాను ప్రమాణమును బట్టి చేసిన గాడి చూపునకు దీని నుండి వేఱుగా తోపకున్నను, దాని మూలల వంపు, లోతు కొంచెము భిన్నములు. ఫిలిప్స్ మొనను అందులో నుంచినచో, కొస అడుగున తగిలి ఆగిపోవును. ఱెక్కలు గోడలను పూర్తిగా తాకకయే, వాని అంచులు మాత్రము పట్టుకొని నిలుచును. మికుని, కెయ్‌హిన్ కార్బురేటర్లపై సామాన్యముగా ఉండునది ఈ జపాను గాడియే. కొన్ని మరచీలల తలపై గాడి ప్రక్కన చిన్న చుక్క వంటి గుంట కనబడును, అదియే గుర్తు. జపాను మొన ఫిలిప్స్ గాడిలో ఇంచుమించుగా ఇముడును గాని, దీనికి విపర్యయము కుదరదు. మన మెకానిక్కులు రెంటిని కలిపి స్టార్ స్క్రూడ్రైవరని వ్యవహరించి, సంచిలో ఒక్కటే పెట్టుకొనుటవలన ఈ భేదము పట్టించుకొనువారు అరుదు. ఆ ఒక్కటి యైనను పది సంవత్సరములుగా డబ్బాల మూతలు పెల్లగించి పెల్లగించి ముక్కు మొద్దుబాఱినది. నాలుగు, ఐదు మిల్లీమీటర్ల మరచీలలకు రెండవ నంబరు మొన కావలెను. గాడిలోని మట్టిని సూదితో గీకి తీసివేసి, మొనను నిలిపి, త్రిప్పకయే అటునిటు మెల్లగా ఆడించి చూడవలెను. ఆడినచో ఆ మొనను ప్రక్కన పెట్టుట మేలు. మొనకు వాల్వులు నూరు గ్రైండింగు పేస్టు రవంత పూసినచో, అందలి గరుకు రజను గాడిని పట్టుకొని జారుటను కొంత ఆపును; మొనకును గాడికిని నడుమ రబ్బరు ముక్క నుంచుమను సలహా మాత్రము చిన్న గాడిలో మొనను లోతునకు దిగనీయదు గనుక నాకు సమ్మతము కాదు. జపాను పనివాండ్రలో ఏడు పాళ్లు అదుముట, మూడు పాళ్లు త్రిప్పుట అను లెక్క వాడుకలో నున్నది. మనవారు చేయునది సరిగా దీనికి తలక్రిందు.

మొన సరిపోయినను మరచీల కదలనప్పుడు, నూనె సీసాకంటెను, గ్యాసు మంటకంటెను ముందు చేపట్టవలసినది సుత్తి యని నా దృఢాభిప్రాయము. వినుటకు ఇది మోటుగా తోచవచ్చును. కాని ఆ తెల్లని పొడి గట్టిదే యైనను పెళుసైనది. మెలిత్రిప్పు బలమునకు తట్టుకొనునది, క్షణకాలపు దెబ్బకు ఎండిన సున్నపు పెచ్చు వలె చిట్లును. కార్బురేటరును బండి నుండి విడదీసి, పెట్రోలు పూర్తిగా వదలి, గుంట తొలిచిన కఱ్ఱదిమ్మపై తలక్రిందుగా కదలకుండ నిలిపి, ఉక్కు కడ్డీ పిడి చివఱి వఱకు సాగిన స్క్రూడ్రైవరును గాడిలో నుంచి, చిన్న సుత్తితో నాలుగైదు మాఱులు టకటక కొట్టవలెను. ఆ పిమ్మట వెంటనే విప్పబూనక, మొదట వెండ్రుకవాసి బిగించి, తరువాత విప్పవలెను. పట్టు ఏ వైపున విడినను విడినట్లే గదా. దేహమును బల్ల మీది వైస్ దవడలలో బిగించుట తగదు. అచ్చుపోసిన మెత్తని లోహము వంగి, గిన్నె కూర్చుండు తలము వంకర తిరిగినచో మరచీల వచ్చియు ప్రయోజనము లేదు.

ఇంపాక్ట్ డ్రైవరు అనుదానిలో ఈ రెండు పనులును ఏకమైనవి. తలపై దెబ్బ పడగానే లోపలి ఏటవాలు గాడి ఆ దెబ్బలో కొంత భాగమును మెలికగా మార్చి, మొనను కొద్ది డిగ్రీలు త్రిప్పును. మొన పైకి తన్నుకొని రావలసిన ఆ క్షణముననే దెబ్బ దానిని క్రిందికి అదిమి యుంచుటలో దాని మహిమ యంతయు ఇమిడి యున్నది. ఐతే ఇంజను కవరు మరచీలలకై చేసిన అర అంగుళపు పెద్ద సాధనమును, కిలో సుత్తిని కార్బురేటరు మీద ప్రయోగించుట గోటితో పోవుదానికి గొడ్డలి నెత్తుట. గిన్నె చెవులు విఱిగినచో వానిని అతుకుట కష్టము. పిడిలోనే ఈ ఏర్పాటు గల చిన్న జపాను స్క్రూడ్రైవర్లు ఇప్పుడు మన దేశమునను లభించుచున్నవి; ఒక్క గిన్నె వెలతో పోల్చిన వాని వెల భారము కాదు.

నూనెల విషయమున ప్రచార మెక్కువ, ఫలము తక్కువ. 1953లో అమెరికాలోని శాన్ డీగోలో పుట్టిన డబ్ల్యూడీ-40 మొదలు మన కిరోసిను వఱకు, ఆటోమేటిక్ గేరు నూనెలో సగము అసిటోను కలిపిన ఇంటి మిశ్రమము వఱకు, అన్నిటి ధర్మమొక్కటే: పలుచనైన ద్రవము సన్నని సందులలోనికి తనంత తాను ప్రాకిపోవుట. కాని గిన్నె మరచీలలు దిగు రంధ్రములు తఱచుగా అడుగు మూసినవి. నూనె ప్రవేశింపదగిన ద్వారము తల క్రింది సందొక్కటియే. బండికి అమరియున్న కార్బురేటరున ఆ తల నేలవైపు చూచుచుండును గనుక, క్రింద నుండి చిమ్మిన నూనె మర వఱకు పోకయే బొట్లు బొట్లుగా నేల పాలగును. విప్పి, తలక్రిందు చేసి, బొట్టు వేసి, తట్టి, రాత్రియంతయు వదలినచో కొంత ప్రయోజనము కలదు; తట్టుట లేని నూనెకు ఓపిక ఎంత తోడైనను లాభము స్వల్పమే. జిగురు పట్టిన జెట్టుల విషయమున నూనె మఱియు నిష్ప్రయోజనము; అచట కార్బురేటరు క్లీనరు వంటి కరగించు ద్రవము కావలెను. అసిటోను గలవానిని వాడునపుడు రబ్బరు వలయములను, ప్లాస్టికు ఫ్లోటును ముందుగా తొలగింపవలెను.

వేడిమికి శాస్త్రబలము కలదు. ఒక్క డిగ్రీ వేడికి ఉక్కు పది లక్షల పాళ్లలో 12 పాళ్లు, ఇత్తడి 19, అల్యూమినియము 23, జింకు మిశ్రలోహము 27 పాళ్లు వ్యాకోచించును. రంధ్రము గల లోహము మరచీల కంటె ఎక్కువగా సాగును గావున పట్టు సడలవలెనని వాదము. లెక్క వేసి చూతము. నాలుగు మిల్లీమీటర్ల రంధ్రమును 80 డిగ్రీలు వేడిచేసిన, ఉక్కునకు అల్యూమినియమునకు నడుమ ఏర్పడు తేడా మిల్లీమీటరులో వేయింట మూడున్నర పాళ్లు. జింకు దేహమైనచో సుమారు ఐదు పాళ్లు. ఇంత స్వల్పమైన సందువలన మరచీల ఊడివచ్చుననుట భ్రమ. ఈ సాగుటయు ముడుచుటయు పలుమాఱు జరిగినప్పుడు పొడి పెచ్చు పగులుటయే అసలు లాభము. కావున ఒక్కమాఱు మిక్కుటముగా కాల్చుట కంటె, సలసల కాగు నీటిలో ముంచి తీసి, చల్లార్చి, మరల ముంచుట మేలు. హాట్ ఎయిర్ గన్ గలవారికి అదియు మంచిదే. గ్యాసు మంట మాత్రము పనికిరాదు. జింకు మిశ్రలోహము 380 డిగ్రీల చేరువలోనే కరగిపోవును. ఎఱ్ఱబడి హెచ్చరించు స్వభావము దానికి లేదు. అంతకంటె ముఖ్యమైనది పెట్రోలు ఆవిరి. సున్నకు నలుబది డిగ్రీల దిగువననే అంటుకొనగలిగి, గాలికంటె బరువై నేలబారున ప్రాకి దీపమును వెదకికొనునట్టి ద్రవమును మోసిన పాత్రను, దానిలోని సన్నని దారులలో బొట్టు మిగిలినదో లేదో తెలియకయే మంటకు చూపుట సాహసము కాదు, అవివేకము. కడిగి, గాలి ఊది, ఆరబెట్టిన పిదపనే వేడి మాట తలపెట్టవలెను.

ఇక గాడి పూర్తిగా పోయిన మరచీలకు గతి యేమి? తల పైకి ఉబికియున్నచో సన్నని ఱంపపు బిళ్లతో దానికి అడ్డముగా ఒక గీటు కోసి, వెడల్పు మొన స్క్రూడ్రైవరు పెట్టవచ్చును. తల అంచుపై చిన్న ఉలిని ఏటవాలుగా నిలిపి ఎడమవైపునకు కొట్టుట పాతకాలపు పద్ధతి. నేర్పరి చేతిలో అది ఇంపాక్ట్ డ్రైవరునకు తీసిపోదు. వైస్ గ్రిప్ పట్టునకు అంచు దొరకినచో అదియు సుగమమే. ఇవేవియు సాగనప్పుడు తొలుచుట తప్పదు. కాని తొలువవలసినది మరచీల కాండమును కాదు, తలను మాత్రమే. తల నడుమ చుక్క గుద్ది, కాండము కంటె రవంత లావైన డ్రిల్లు బిట్టుతో నెమ్మదిగా దిగినచో తల ఉంగరమై ఊడిపోవును. గిన్నె పైకి వచ్చును. గిన్నె అంచు మందమున కాండము పైకి నిలిచి యుండును. తల లాగి పట్టిన బిగువు ఒక్కసారిగా తొలగుటచేత, ఇంతసేపు కదలని ఆ మొండెము వైస్ గ్రిప్ పట్టునకు, ఒక్కొక్కప్పుడు వ్రేళ్లకే తిరిగి వచ్చును. ఇన్ని ఉపాయములలోను ఇంత నిశ్చితమైనది, ఇంత తక్కువగా చెప్పబడునది మఱియొకటి లేదు.

దీనికి పూర్తిగా విరుద్ధమైనది ఈజీ అవుట్ అను సాధనము. కాండము నడుమ తొలిచిన రంధ్రములో ఎడమ మర గల సూది చీలను దిగగొట్టి త్రిప్పుట దాని పద్ధతి. పెద్ద బోల్టుల విషయమున దానిని నిందింపను. నాలుగు మిల్లీమీటర్ల కాండములో పట్టునది అతి సన్నమై, గట్టిదై, పెళుసై యుండును. పైగా అది దిగిన కొలది కాండమును వెలికి నెట్టి మరలకు మఱింత అదుమును. అది లోన విఱిగెనా, సామాన్యపు డ్రిల్లు దానిని గీకనైన గీకలేదు. విద్యుత్తు నిప్పురవ్వలతో లోహమును తినివేయు యంత్రమున్న కర్మాగారమును వెదకవలసి వచ్చును. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడుట అన్నది దీనికే తగును. కాండమునే తొలువక తప్పనిచో ఎడమకు తిరుగు డ్రిల్లు బిట్టు వాడవలెను. తొలుచుచుండగనే మొండెము తిరిగి వచ్చుట కలదు. రాకపోయినను, 3.3 మిల్లీమీటర్ల రంధ్రము చేసి మర మరల కోయించుకొనవచ్చును, లేదా హెలికాయిలు అను తీగచుట్ట మరను తొడిగింపవచ్చును. గట్టి ఉక్కు ప్రక్కన మెత్తని లోహమున్నచోట బిట్టు మెత్తనివైపునకే జారును గనుక ఈ పని చేతి డ్రిల్లుతో గాక, నిలువు డ్రిల్లింగు యంత్రము గల లేతు షాపులో చేయించుట క్షేమము. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల అట్టి పనివారికి కొదవ లేదు.

జెట్టుల న్యాయము వేఱు. ఇత్తడి మెత్తనిది, గాడి ఒక్కటే గీటు. మామూలు స్క్రూడ్రైవరు మొన ఆప్పు వలె క్రిందికి సన్నగిల్లి యుండుటచేత, గాడి పై అంచును మాత్రము నొక్కి తెంపివేయును. ప్రక్కలు సమాంతరముగా, గాడి వెడల్పునకు నిండుగా నుండునట్లు పాత స్క్రూడ్రైవరు నొకదానిని ఆకురాయితో అరగదీసికొనుట ఉత్తమము. పైలట్ జెట్టు లోతైన గొట్టములో నుండును గనుక మొన ఆ గొట్టములో దూరవలెను, గాడిని నింపవలెను. ఇచట సుత్తి దెబ్బలు వలదు. క్లీనరులో నానుట, వేడినీరు, ఓర్పు, ఇవి చాలును. కొనదేలిన ఎయిర్ స్క్రూను గూర్చి ఒక్కమాట: విప్పుటకు ముందు మెల్లగా లోనికి త్రిప్పి, ఎన్ని చుట్లకు ఆగినదో వ్రాసికొనవలెను, ఆగిన పిదప బిగించినచో దాని సన్నని కొన సన్నని రంధ్రములో విఱిగి నిలుచును.

వచ్చిన మరచీలల స్థానమున అలెన్ తల గల వానిని వేయుట నేడు వాడుక. నాలుగు మిల్లీమీటర్ల దానికి మూడు మిల్లీమీటర్ల కీ సరిపడును. గాడి జారు బెడద పోవును. కాని పట్టు బాగుగా నున్నదని బలము చూపించినచో ఈసారి చెడునది మరచీల గాదు, దేహములోని మర. దానికి కావలసిన బిగువు సుమారు రెండు న్యూటన్ మీటర్లు మాత్రమే, అనగా పొట్టి కీని రెండు వ్రేళ్లతో పట్టి త్రిప్పినంత. స్టెయిన్‌లెస్ ఉక్కు తుప్పు పట్టదు గాని అల్యూమినియమును తినివేయు చర్యను ఆపదు. మరకు రవంత రాగి గ్రీజు రాయవలెను. పొడవు హెచ్చైనచో మూసిన రంధ్రపు అడుగున తగిలి, గిన్నె బిగియకయే మరచీల బిగిసినట్లు తోచును. పాత బుల్లెట్టు బండ్లకు వచ్చిన ఏమల్ కార్బురేటర్ల యందు ఇంగ్లీషు మరలుండును. వానిలో మెట్రిక్ మరచీల రెండు చుట్లు సులువుగా దిగి, మూడవ చుట్టున మరను కోసివేయును.

పై పద్ధతులలో ఏదియు వర్తింపని మరచీలలు రెండున్నవి. వాక్యూమ్ పిస్టన్ గల కార్బురేటర్లలో థ్రాటిల్ ఇరుసునకు బిళ్లను బిగించు చిన్న మరచీలలు రాకపోవుట తుప్పు వలన గాదు. ఊడి ఇంజనులోనికి పోకుండుటకై కర్మాగారముననే వాని వెనుక కొనలను చితుకగొట్టి యుందురు. బలముతో త్రిప్పినచో చితికిన కొన ఇరుసులోని మరను చీల్చుకొని వచ్చును, లేదా తల తెగిపోవును. శుభ్రపఱచుటకు మాత్రమే వానిని విప్పవలసిన పని లేదు. ఇరుసు సీలు చెడి గాలి చొరబడుచున్నదని నిశ్చయమైనచో, ముందు ఆ చితికిన కొనలను ఆకురాతితో రాచివేసి, పిదప విప్పి, మరల కూర్చునపుడు పాతవానిని వాడక క్రొత్త మరచీలలు వేసి, వాని కొనలను తిరిగి చితుకగొట్టవలెను.